బాబా ఎంచిన తుపాకి

మొన్న పొద్దున సౌదీలోని అభా నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ మేము అద్దెకున్న ఇంటి ఓనరు, మేమంతా బాబా అని పిలుచుకున్న పెద్దాయన, నిద్రలోనే పోయారట. ఫోన్ చేసిన మిత్రుడు ఇంకేదో చెబుతున్నాడు గానీ నా చెవికేమీ ఎక్కలేదు. అంత మనిషి పోవడమేమిటి?

రోడ్ల పని చూసే ఇంజనీరుగా నేను అభా వెళ్ళింది గల్ఫ్ యుద్ధానికి ముందు ఏడు. మేడ మీద మేము, కింద బాబా కుటుంబం. కింద హాల్లో గోడ నిండా పాతకాలపు తుపాకులు, వత్తి అంటించి పేల్చేవి. అవి చూసి మా ఆవిడ బెంబేలెత్తిపోయింది. "మీకు వేరే ఇల్లే దొరకలేదా? తీస్కొచ్చి తుపాకులాయన ఇంట్ల దించిన్రు!" అంది. నెల తిరక్కుండానే ఆ తుపాకులాయనకే సర్వపిండి పంపడం మొదలుపెట్టింది.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బాబా లోయలోకి దిగి, దూరాన తెల్లరాయి పెట్టి గురిచూసి కొట్టేవారు. అదొక్కటే ఆయన సరదా. నన్నూ తీసుకెళ్ళేవారు. మొదటిసారి పేల్చినప్పుడు నా భుజం వాచిపోతే పడీపడీ నవ్వారు. ఆయన తుపాకి మాత్రం ఒక్కసారైనా తుస్సుమనడం ఆ లోయలో ఎవరూ చూడలేదు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

యుద్ధం మొదలైంది. విమానాలు లేస్తుంటే మా కిటికీలు గలగలలాడేవి. బాబాకు ఒక్కగానొక్క కొడుకు, సైన్యంలో, ఉత్తరాన సరిహద్దు దగ్గర. "వాడు తిరిగొచ్చిన రోజు తుపాకి పేలాలి, లోయ లోయంతా వినాలి" అని చుట్టాలందరి ముందూ మాటిచ్చారు. దానికి గోడ మీదివేవీ ఆయనకు ఆనలేదు. మంచిది ఇంకొకటి చూసి కొనాలి, ఆ తర్వాత శుక్రవారాలు తండ్రీకొడుకులిద్దరూ దానితోనే ఆడుకోవాలి.

మంగళవారం సంతలో ఆయన తుపాకి ఎంచడం చూసి తీరాలి! వెండి తొడుగులున్న దాని మీద నేను చెయ్యి వేస్తే, "యా ముహందిస్, పెళ్ళిచూపులకొచ్చావా? వెండి తర్వాత, ముందు లోపల చూడు" అని కసిరేవారు. ముహందిస్ అంటే ఇంజనీరు, నన్నలాగే పిలిచేవారు. చిన్న అద్దంతో ఎండను గొట్టంలోకి పంపి తుప్పు వెతికేవారు. గొట్టాన్ని తాడుకు వేలాడదీసి, మెల్లగా తట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. పగులుంటే మోత చచ్చిపోతుందట. ఎన్నో వారాలు ఉత్తచేతులతో తిరిగొచ్చాక, ఒక మోటు చెక్క తుపాకి దగ్గర ఆయన ముఖం విప్పారింది. అయినా నమ్మలేదు. దాన్ని పాత టైరుకు కట్టి, మందు దట్టించి, వత్తి అంటించి, బండ చాటు నుంచి తాడుతో మీట లాగారు. కొండలన్నీ మారుమోగాయి. గొట్టం చెక్కుచెదరలేదు. ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చారు.

యుద్ధం ముగిసింది. కొడుకు క్షేమంగా వచ్చాడు. వాకిలి నిండా చుట్టాలు. బాబా గుండు లేకుండా మందు మాత్రం దట్టించి, వత్తి అంటించి నిలబడ్డారు. అంతలో ఎవరో బండి తలుపు ధడాలున వేశారు. కొడుకు చేతిలోని కాఫీ ఒలికిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు, వణుకుతూ గోడ పట్టుకున్నాడు. అందరి కళ్ళూ తుపాకి మీదే. ఆ పిల్లవాణ్ణి చూసింది బాబా, ఆయన పక్కనున్న నేను మాత్రమే.

"కాల్చు, కాల్చు!" అని ఒకటే అరుపులు. బాబా వత్తి ఆర్పేశారు. మందు పోసే గుంటలో వేలు పెట్టి రుద్ది, పెదవి విరిచి, "తడిసింది. పాడు మంచు" అన్నారు.

వాకిలంతా గొల్లుమంది. "ముసలాడికి మందు ఎండబెట్టుకోవడం కూడా చేతకాలేదు!" అన్నాడు ఆయన బావమరిది. బాబా కూడా వాళ్ళతో కలిసి నవ్వారు. ఆ వెక్కిరింత ఆయన్ను బతికినంతకాలం వదల్లేదు, ఏ పెళ్ళికెళ్ళినా అదే పాట. "గంత పెద్దమనిషికి మందు ఎండవెట్టుడు తెల్వదా?" అని మా ఆవిడా నవ్వింది. ఆమెకూ నేనేం చెప్పలేదు. ఆ తుపాకిని ఆయన మళ్ళీ ముట్టలేదు. శుక్రవారాలు కొడుకును వెంటబెట్టుకుని లోయలో ఊరికే నడిచొచ్చేవారు. అలాంటి మనిషి నీడన ఉండటం నా భాగ్యం.

ఆ రోజు వెనక నవ్వులు సాగుతుండగానే ఆయన పిట్టగోడ దగ్గరికి నడిచి, గొట్టంలో మందు మీద కుక్కిన గుడ్డను కమ్మీతో లాగేసి, తుపాకిని తలకిందులు చేశారు. నేను పక్కనే ఉన్నాను. మందు ఎక్కడా ఉండ కట్టకుండా పొడిపొడిగా జారి, నేల తాకకముందే గాలికి లేచి లోయలోకి ఎగిరిపోయింది.