నలుగురం కూర్చునే వంటిల్లు

మా తోడికోడలు పోయి ఈ రోజుకి పదమూడు రోజులు. ఆ పొద్దున గుంటూరు ఆసుపత్రి నుంచి మా బావగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అక్క ఇక లేదు" అన్నారు. నేనప్పుడు ఆమె కోసమే జావ కాస్తున్నాను, క్యారియర్‌లో పోసి మొదటి బస్సుకి మా ఆయన చేత పంపుదామని. పొయ్యి కట్టేశాను.

వరసకి తోడికోడలే గాని నేను అక్కా అనే పిలిచేదాన్ని. వినుకొండ దగ్గర పల్లెలో, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద ఇరవై ఏళ్ళు వండుకున్నాం. రాయడం నాకు అలవాటు లేదు. ఆమె గురించి మీకు చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు.

ఆరేళ్ళ క్రితం, మిరప బాగా పండిన ఏడు, పాత పెంకుటిల్లు తీసేసి కొత్తిల్లు మొదలుపెట్టాం. అప్పుడే తాడేపల్లిలో మా పెద్దమ్మ కూతురి ఫ్లాటు చూసొచ్చాను నేను. వంటగదిలో అద్దంలా మెరిసే అరల తలుపులు, నల్ల గ్రానైటు, చిమ్నీ. ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చి అన్నదమ్ములిద్దరికీ చూపించాను. ఇద్దరూ బాగుందన్నారు. అక్క కూడా అన్నీ ఓపిగ్గా చూసింది.

"బాగానే ఉంది గాని, ఇందులో కూర్చునేది ఎక్కడే?" అంది.

ఆమెకు కావలసినవి వేరు. జారని నాపరాళ్ళ నేల. చేతికందే ఎత్తులో తలుపుల్లేని అరలు. తూర్పున పెద్ద కిటికీ, దాని కింద మనిషి పడుకునేంత గట్టు.

"కారం చేత్తో ముట్టుకుంటే మరకపడే తలుపులు మనకెందుకే? పొద్దస్తమానం వాటిని తుడుచుకుంటా ఉండాలి."

"చూసినవాళ్ళు ఏమనుకుంటారక్కా? ఇంత ఇల్లు కట్టి వంటిల్లు పాకలా ఉంచారంటారు."

"చూసేవాళ్ళు గంట ఉండి పోతారు. ఉండేది మనం. నలుగురం కూర్చునేట్టు ఉండాలి."

అప్పుడు నా నోటి నుంచి రాకూడని మాట వచ్చింది. "నీకు పిల్లలా, పాపలా? ఆ నలుగురూ ఎవరంట?" అన్నాను.

ఆమెకు పిల్లలు లేరు. ఆ ఊసు అంతదాకా మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు మేస్త్రీ రాగానే మాత్రం నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, కిటికీకి ఎంత ఖాళీ వదలాలో రెండు చేతులూ చాపి చూపించింది.

వారం రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. తప్పు నాది, అలకా నాదే. ఆమె రోజూ కంచం నా ముందు పెట్టి, "మాటలు మానేస్తే మానెయ్, అన్నం మానకు" అనేది.

వంటిల్లు ఆమె చెప్పినట్టే అయింది. మా అమ్మాయి ఆ గట్టు మీద కూర్చునే ఎక్కాలు నేర్చుకుంది, జ్వరమొస్తే అక్కడే పడుకుంది. మిరపకోతల రోజుల్లో చేలోంచి వచ్చేసరికి చేతులు భగభగ మండేవి. అక్క నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ చేతుల మీద పోసి మెల్లగా రుద్దేది. ఆమె చేతులూ మండుతూనే ఉండేవి. "నాయి మొద్దుబారాయిలే" అనేది. ఆమె అన్న నలుగురూ మేమేనని నాకు అప్పుడు తెలిసింది.

కిందటేడు ఆమెకు క్యాన్సర్ అన్నారు. మందు ఎక్కించుకుని వచ్చాక గదిలో మంచం వేస్తే ఉండేది కాదు. గోడ పట్టుకుంటూ వచ్చి గట్టు మీద పడుకునేది. ఏ వాసన తగిలినా వాంతి అయ్యేది. అందుకని నేను పోపులు మానేశాను. నాలుగు రోజులు చూసి, "పోపు పెట్టవే. పిల్లది చప్పిడి తింటుందా? నేను కొంగు అడ్డం పెట్టుకుంటాలే" అంది. కిటికీ వైపు తిరిగి, ముక్కుకి కొంగు అదుముకుని, ఆవాల చిటపట ఆగేదాకా అట్లాగే ఉంది.

ఒక సాయంత్రం ఆమె కాళ్ళు ఒత్తుతూ ధైర్యం చేశాను. "అక్కా, ఇల్లు కట్టేటప్పుడు నేనొక మాట..."

"గుర్తుందిలే" అంది, కళ్ళు తెరవకుండానే. నా చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేసింది. "పాలు చూడు, పొంగుతున్నాయి."

క్షమించానని అనలేదు. అనక్కర్లేదనుకుందో, అనలేకపోయిందో నాకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

పెదకర్మ అయింది. చుట్టాలంతా వెళ్ళిపోయారు. మా బావగారు ఎప్పుడూ హాల్లో టీవీ ముందు కూర్చుని తినే మనిషి. నిన్న మధ్యాహ్నం కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మాయ్, ఇక్కడ కూర్చోనా?"

"కూర్చోండి బావగారూ."

నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నారు. మూడోది కలిపి అలాగే ఉండిపోయారు. పక్కన చెంబుతో నీళ్ళు పెట్టాను. ఆయన చూడలేదు. నేను గిన్నెలన్నీ తోమి బోర్లించేసరికి, ఆయన వేళ్ళకంటిన పప్పన్నం ఎండి తెల్లబడింది.