మడ్‌గార్డు వంకర

రెండువేల పదకొండు వానాకాలం చివర్లో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై, సిటీ బస్సులు డిపోలు దాటి బయటకు రావడం మానేశాయి. అప్పుడు మేము అశోక్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను హిమాయత్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపులో పనిచేసేదాన్ని. మా ఆయన ఫ్యాక్టరీ పటాన్‌చెరు దగ్గర. బస్సుల్లేవని ఆయన అక్కడే ఒక స్నేహితుడి గదిలో ఉండిపోయాడు. రోజూ ఫోన్ చేసి "మస్తు ఇబ్బందిగ ఉంది" అనేవాడు. గొంతు మాత్రం పెళ్లికాని కుర్రాడి గొంతులా హుషారుగా ఉండేది.

రెండు రోజులు చిక్కడపల్లిలో షేర్ ఆటోల కోసం నిలబడ్డాను. మూడో రోజు మెట్ల కింద పడివున్న మా అమ్మాయి సైకిలు బయటకు లాగాను. అది తను ఎనిమిదో తరగతిలో ఉండగా కొన్న సైకిలు. అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం కనుక సైకిలు తొక్కడం తన హోదాకు తగదని ఎప్పుడో తేల్చేసింది. వదిలేసే ముందు దాన్ని ఒకసారి సింగారించింది కూడా. ముసలమ్మ సైకిలు లెక్క ఉందని మడ్‌గార్డులు, క్యారియరు ఊడదీయించి పాత సామాన్ల వాడికి ఇచ్చేసింది.

"గట్లయితేనే స్టయిలమ్మా," అంది.

ఆ స్టయిలు విలువ నాకు మొదటి రోజే తెలిసింది. రాత్రి పడిన వానకు రోడ్డంతా తడిగా ఉంది. నేను కొంగు నడుముకు దోపుకొని, పడకుండా షాపు చేరినందుకు నన్ను నేనే మెచ్చుకొని కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఆ పూట వచ్చినవాళ్లందరూ నాతో మామూలుగా మాట్లాడి, నేను ఫ్రేము తీయడానికి వెనక్కి తిరగగానే మౌనంగా అయిపోతున్నారు. మధ్యాహ్నం మా ఓనరు పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"అమ్మా, వెనక జర... చూసుకో."

లేత పసుపు చీర. నడుము నుంచి మెడ దాకా గీత గీసినట్టు నిలువునా బురద. మా షాపు నిండా అద్దాలే, కాని అన్నీ మొహం చూసుకునేవే.

మర్నాడే కొత్త మడ్‌గార్డులు కొని, నారాయణగూడలో గోడ పక్కన టార్పాలిన్ కింద కూర్చునే సైకిలు మెకానిక్ దగ్గరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి. పాలమూరు దిక్కు నుంచి సెంట్రింగు పనికి వచ్చి, నడుం పట్టేశాక ఈ పని పెట్టుకున్నాడట. పావుగంటలో రెండూ బిగించేసి, సీటు మీద చరిచి "పోవక్కా" అన్నాడు.

పది గజాలు పోయేసరికి వెనక చక్రం నుంచి గీరుతున్న చప్పుడు మొదలైంది. దిగి చూస్తే వెనక మడ్‌గార్డు కుడి పక్కకు ఒరిగి ఉంది. ముందుది నడిమిలో టైరుకు ఆనుతోంది, చివర మాత్రం పిడికిలి పట్టేంత ఖాళీ. వెనక్కి తోసుకొచ్చాను.

"అన్నా, ఇది వంకరుంది."

"ఏడుంది వంకర? సక్కగనే ఉన్నది," అన్నాడు, నా సైకిలు వైపు చూడనైనా చూడకుండా.

"టైరుకు తాకుతుంది, వినబడుతలేదా?"

"రెండ్రోజులు పోతె అరిగి అదే సర్దుకుంటది. నీళ్లు ఆపుతదా, లేదా?"

"ఆపుతది."

"మరింకేంది పరేషాన్?"

ఆయన మాటలో తప్పులేదు. నాదే రోగం. ఆ కౌంటర్ దగ్గర పదహారేళ్లుగా నేను చేసిన పని ఒక్కటే. జనం ముక్కుల మీద ఒరిగిన అద్దాలను తిన్నగా నిలబెట్టడం. ఒక చెవి ఎత్తుగా, ఒక చెవి పల్లంగా దేవుడు చేసిన మొహం మీద కూడా ఫ్రేమును సమానంగా కూర్చోబెట్టి పంపేదాన్ని. పెళ్లికి వెళ్తే వధూవరుల మీద అక్షింతలు వేస్తూ పురోహితుడి కళ్లద్దాల వంకర చూసేదాన్ని. అలాంటిదాన్ని ఒరిగిన మడ్‌గార్డు మీద కూర్చొని రోజూ హిమాయత్‌నగర్ దాకా పొమ్మంటే ఎలా పోతాను?

అక్కడే కూర్చొని ఆయన చేత మళ్లీ బిగింపించవచ్చు. కాని నాకు పౌరుషం వచ్చింది. "నీ పానా ఒకటియ్యి, ఆదివారం నేనే చేసుకుంట, సోమవారం తెచ్చిస్త," అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, నూనె మరకల పానా ఒకటి చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున సైకిలును తలకిందులుగా నిలబెట్టి గేటు దగ్గర కూర్చున్నాను. గంటసేపు ఒక పక్క సర్దితే ఇంకో పక్క ఒరిగింది. మడ్‌గార్డును చక్రం ఇరుసుకు పట్టి ఉంచే సన్నటి కమ్మీలు రెండు పక్కలా ఉంటాయి. ఒక దాన్ని వంచితే రెండోది అలిగినట్టు బయటకు వచ్చేది. మా వీధి హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు గైడ్లు చంకన పెట్టుకొని టిఫిన్లకు పోతూ, ఒక్కొక్కరూ ఒక్కో సలహా పడేసి వెళ్లారు. ఒకతను చక్రమే చిన్నదన్నాడు. ఇంకొకతను, అక్కా, బండి కొనుక్కోండి అన్నాడు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. తెగిపోయిన హవాయి చెప్పు ఒకటి తెచ్చి కత్తితో సమానంగా ముక్కలు కోశాను. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముందొకటి, నడుమ ఒకటి, చివర ఒకటి దూర్చాను. అన్నిచోట్లా ఒకే మందం కనుక ఖాళీ దానంతటదే సమానమవుతుంది. తర్వాత నట్లు ఒక్కొక్కటే పూర్తిగా బిగించకుండా, కళ్లద్దాల స్క్రూల మాదిరి కుడిది కొంచెం, ఎడమది కొంచెం తిప్పుతూ వచ్చాను. చెప్పు ముక్కలు లాగేసి చక్రం తిప్పితే చిన్న చప్పుడు కూడా లేదు. మా అమ్మాయిని కిందికి పిలిచి మళ్లీ తిప్పి చూపించాను.

"ఏంది?" అంది.

"మడ్‌గార్డు."

"ఉంది కదా. దీని కోసం పిలిచినవా?"

సోమవారం పానా ఇవ్వడానికి వెళ్లినప్పుడు, నిజం చెప్పాలంటే, మెప్పు కోసమే సైకిలును మెకానిక్ ఎదురుగా నిలబెట్టాను. "మంచిగనే ఉంది," అని ఆయన తన పనిలో పడ్డాడు. అప్పుడు గమనించాను. చేతిలో ఉన్న చిన్న నట్టును చేయి బారుగా చాచి, తల వెనక్కి వంచి చూస్తున్నాడు. కనబడక వేలితో తడిమి మర వెతుకుతున్నాడు. పదహారేళ్లుగా అద్దాల షాపులో ఉన్నదాన్ని, నా ఎదురుగా ఇంత చత్వారం పెట్టుకొని ఒక మనిషి పనిచేస్తుంటే బద్ధకం అనుకున్నాను. సిగ్గేసింది.

"అన్నా, దగ్గరివి మసకగ కనబడుతయా?"

"గీ వయసుకు అందరికట్లనే కనబడుతది కదక్కా."

"దానికి అద్దాలుంటయన్నా."

"సదువు రానోనికి అద్దాలెందుకు? నవ్వుతరు."

మర్నాడు షాపులో ఎవరూ తీసుకోక మిగిలిపోయిన ఒక దళసరి ఫ్రేములో ఆయన వయసుకు సరిపోయే పవర్ వేయించి తీసుకెళ్లాను. వద్దు వద్దంటూనే పెట్టుకున్నాడు. మొదట తన చేతులు చూసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

"వారీ, నా చేతులు ఇంత ఖరాబున్నయా?"

తర్వాత ట్యూబు చూశాడు, పానా మీది అంకె చూశాడు, నేలంతా చూశాడు. చివరికి నా సైకిలు మీద వాలాడు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చొని చాలాసేపు లేవలేదు.

"అక్కా, ఇది నువ్వే బిగించినవా?"

"నేనే."

"ఎడమ దిక్కు జర ఎక్కువ జాగ ఉన్నది."

"ఎక్కడ? నేను సమానంగ పెట్టిన!"

"గీడ చూడు. వెంట్రుకంత."

చూశాను. నిజమే. చెప్పు ముక్క ఒకటి మడమ వైపుది అయి ఉంటుంది, అక్కడ ఒక పక్కే ఎక్కువ అరుగుతుంది. ఆయన సైకిలు విడిచిపొమ్మన్నాడు. సైకిలు విడిచిపొమ్మన్నాడు. వాన సన్నగా పడుతుంటే నడిచి షాపుకు పోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇంకా దాని ముందే కూర్చొని ఉన్నాడు.

"ముందుది అయింది. ఎనకది రేపిస్త," అన్నాడు.

మర్నాడు కూడా నడిచాను. మడ్‌గార్డు తిన్నగా లేని కాలంలో కనీసం సైకిలు ఉండేది.

రెండు రోజులకు నా చేతికిచ్చిన సైకిలు మాత్రం చూడవలసిందే. ఖాళీ మీద నా షాపు స్కేలు పెట్టి చూశాను. తప్పు దొరకలేదు. ఆయన అసలు తీరు అప్పటి నుంచి బయటపడింది. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా "ఆగన్నా, నీ మడ్‌గార్డు వంకరున్నది" అని పట్టుకునేవాడు. పొద్దున్నే పేపరు వేసే మనిషి ఒకడు కోపంతో తన సైకిలు లాక్కొని పోతూ కనబడ్డాడు. వారం తిరగకుండా ఆయన నాకు ఫిర్యాదు చేశాడు.

"అక్కా, నువ్వు అద్దాలిచ్చినకాంచి గిరాకి తగ్గింది. వస్తున్నరు, నన్ను చూసి పోతున్నరు."

"వాళ్లు గాలి కొట్టమంటే గాలి కొట్టన్నా. వంకరలు వాళ్లకెందుకు?"

నేనేనా ఆ మాట అన్నది అని నాకే నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"కండ్లకు కనబడ్డంక ఎట్ల ఊకుంటమక్కా?"

ఏదో ఒక మార్గం ఆయనే కనిపెట్టుకున్నాడు. పంక్చర్లకూ గాలికీ అద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు. తీరిక ఉన్న గిరాకి వస్తేనే పెట్టుకునేవాడు. జనం మళ్లీ రావడం మొదలుపెట్టారు.

ఈలోగా సమ్మె ముగిసింది, బస్సులు వచ్చాయి, మా ఆయన కూడా వచ్చాడు. అంతకు ముందే వానలు వెళ్లిపోయాయి. ఆ మడ్‌గార్డుల కింద ఏడెనిమిది నెలలు ఒక్క చుక్క నీరు పడలేదు. అయినా నేను బస్సెక్కలేదు. మోకాలు నొప్పి వచ్చేదాకా, సుమారు మూడేళ్లు, ఆ సైకిలు మీదే పోయాను.

తర్వాత నారాయణగూడ రోడ్డు మీద మెట్రో పనులకు గుంతలు తవ్వినప్పుడు ఆయన టార్పాలిన్ లేచిపోయింది. అడిక్‌మెట్ వైపు మారాడని విని ఒకరోజు వెతుక్కుంటూ వెళ్లాను. యూనివర్సిటీ కుర్రాడొకడు చేతిగడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన వెనక చక్రానికి మొహం ఆనించినట్టు కూర్చొని కమ్మీ వంచుతున్నాడు. అద్దాల మీద గీతలు పడ్డాయి, ఒక చెవి కాడ రాగితీగతో కట్టి ఉంది.

"అన్నా, షాపుకు రా, కొత్త అద్దాలు వేయిస్త," అన్నాను.

ఆయన తలెత్తి చూసి, "అక్కా! కూసో," అని పక్కనున్న డబ్బా చూపించాడు. "ఈ పిల్లగానిది ఒక్కటి అయిపోని, వస్త."

కుర్రాడు నావైపు ఆశగా చూశాడు, నేను ఏదైనా చెప్తానేమోనని. నేను డబ్బా మీద కూర్చొని ఆ చక్రం వైపు చూశాను. ఎడమ పక్కన ఇంకా కొంచెం ఎక్కువ ఖాళీ ఉంది. ఆ మాటే ఆయనకు చెప్పాను.