ఎర్రనాలుకను చూసి మా అన్న నవ్వినందుకు

నేను పిల్లల కోసం రాసిన నవలలో ఒక రాకాసి ఉంది. పేరు ఎర్రనాలుక. వజ్రకరూరు చేల కింద చీకట్లో పడుకొని ఉంటుంది. తొలకరి పడగానే మన్ను రంగులో ఉండే నాలుకను పైకి చాచి, కొసన మెరిసే రాయి పెట్టుకొని కాచుకుంటుంది. ఆశపడి వేలు పెట్టినవాళ్లను లొట్టలేస్తూ లోపలికి లాగేసుకుంటుంది. అలా పోయిన తమ్ముడి కోసం ఒక అమ్మాయి ఆ చీకట్లోకి దిగడమే కథ.

అచ్చుకు పంపే ముందు, ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ అధ్యాయం చదివాను. ఊపిరి బిగబట్టి వింటున్నారు. అప్పుడు మా అన్న బొరుగులు నములుతూ, "ఏమ్మే, ఇది రాకాసా, మీ అత్తా?" అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఎర్రనాలుక ఎంత నాలుక చాచినా ఎవరూ భయపడలేదు. ఆ బొరుగుల చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. భయపడ్డానని ఆయన నోటితోనే అనిపించాలని ఆ రోజే అనుకున్నాను. పుస్తకం అచ్చయింది, ఎవరెవరో బాగుందన్నారు. నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

మొన్న తొలకరికి, ఏటా పోయినట్టే, అన్నతో కలిసి వజ్రకరూరు చేలల్లో వానకు పైకి తేలే వజ్రాలు ఏరడానికి పోయాను. ఆ చేలల్లో దొరికినవాళ్లు దొరికిందని చెప్పరు. ఏదో ఒక సాకు చెప్పి మెల్లగా జారుకుంటారు. అందుకే అందరూ ఒక కన్ను నేలమీద, ఇంకో కన్ను లేచిపోయేవాళ్ల మీద ఉంచుతారు.

మబ్బు కమ్మి చేను మసకబారింది. గట్టు పక్కన అన్న వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. వెనక చేరి చూశాను. తడిమన్ను నాలుక మాదిరి ముందుకు సాగి ఉంది. దాని కొసన ఏదో మెరుస్తోంది. అచ్చం నేను రాసినట్టే.

"తీసుకో అన్నా."

"నువ్వు తియ్యి."

"చూసినోడివి నువ్వు కదా. మా అత్తే కదప్పా, ఏం చేస్తాది?"

పౌరుషం వచ్చి వేలు చాచాడు. సరిగ్గా అప్పుడే, ఆయన చెవి పక్కన, నేను లొట్టలేశాను. అన్న ఎగిరి వెనక్కి పడ్డాడు.

పక్క సాలులో ఏరుతున్న ముసలామె వచ్చి, ఆ రాయి తీసి కొంగున ముడేసుకుంది. కాసేపటికి, "నడుం పట్టుకునిండాది నాయనా, పోయొస్తా" అని, తెచ్చుకున్న సద్ది మూట కూడా విప్పకుండా చకచకా గట్టు దాటింది. నడుం పట్టుకున్నవాళ్లు అలా నడవరు.

అన్న తల పట్టుకొని కూర్చున్నాడు.

"అంతా నీవల్లే! ఆ పాడు రాకాసిని రాయమని ఎవురు చెప్పినారు నీకు? గుండె ఆగినంత పనాయ!"

"ఆ చివరి మాట ఇంటికాడ పిల్లోళ్ల ముందర చెప్పు."

"నేను చెప్పను పో."

"చెప్పకుంటే, ఆ ముసలామె ఏం ముడేసుకొని పోయిందో వదినకు నేను చెప్తా."

ఆ సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టుకొని అన్న మొదటినుంచీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేను ఎదురుగా కూర్చొని బొరుగులు నమిలాను.