పోయినవాళ్ల ముఖాలు గీసిన ఆదినారాయణ

బరంపురంలో ఆదినారాయణ చేసింది ఒకటే పని, చనిపోయినవాళ్ల బొమ్మలు గీయడం. ఇరవై ఎనిమిదేళ్లు గీశాడు. చెమ్మకు ఉబ్బిపోయిన ఫొటోనో, రేషన్ కార్డు మీది మసక ముఖాన్నో తెచ్చి ఇస్తే, శ్యామసుందర్ ఫొటో స్టూడియో వెనక గదిలో కూర్చుని పెద్ద పటంగా గీసి ఇచ్చేవాడు. అసలు ఫొటోయే లేకపోతే వాళ్ల ఇంటికి వెళ్లేవాడు.

అలాగే ఒకసారి పొడంపేట వెళ్లాడు. కన్నమ్మ కొడుకు అప్పలరాజు చేపల వేటకెళ్లి సముద్రంలో పోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు.

"నవ్వితే ఎలాగుండేవోడమ్మా?"

"ఎడంపక్క పెదవి ముందు లెగిసేది బాబూ. ఆ తరవాతే పళ్లు కనబడేవి."

తల్లి గడ్డం, మేనమామ నుదురు చూసుకుంటూ రెండు రోజులు గీశాడు. రెండుసార్లు ఆవిడ "ఈడు కాదు" అంది. మూడోసారి కాగితం మీది పెదవిని వేలితో తడిమి, గోడకు చేరగిలబడిపోయింది.

మూడేళ్ల కిందట స్టూడియో కంప్యూటర్లోకి కృత్రిమ మేధ వచ్చింది. ఎంత చెరిగిన ఫొటో ఇచ్చినా నిమిషంలో నున్నటి ముఖం తయారు చేస్తుంది. శ్యామసుందర్ మంచివాడే. మొహం చాటేయకుండా చెప్పాడు.

"ఆది భాయ్, జనం ఆగట్లేదు. నువ్వు దాని పక్కన కూకో. తప్పులుంటే దిద్దు."

తప్పులు చాలానే ఉండేవి. ఒక చెవికే కమ్మ, చేతికి ఆరు వేళ్లు, ముసలామెకు పడుచుపిల్ల పళ్లు. తను లేకపోతే ఇది సాగదని ఆదినారాయణకు కాస్త ధైర్యంగా ఉండేది. ఏడాది తిరిగేసరికి తప్పులు తగ్గిపోయాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చుని వెళ్లేవాడు. ఆ కూర్చోవడం భరించలేక, ఎవరూ పొమ్మనకముందే మానేశాడు. కల్యాణమండపం గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు.

మొన్న వేసవిలో కన్నమ్మ భర్త కాసులు చనిపోయాడు. ఆవిడ స్టూడియోకి వచ్చి ఆదినారాయణ ఏడని అడిగింది. లేడని చెప్పి, కాసులు ఆధార్ కార్డు తీసుకుని అప్పటికప్పుడే పటం చేతిలో పెట్టారు. దాన్ని చంకన పెట్టుకుని వెతుక్కుంటూ మండపానికి వచ్చింది. ఖాకీ బట్టల్లో అతన్ని ముందు గుర్తుపట్టలేదు.

"ఇదేటి బాబూ, నువ్విక్కడేటి?"

"పని పోనాదమ్మా."

పటం విప్పి చూపించింది. తెల్లటి ముఖం, మెడకింద కోటు.

"ఈడెవుడో నానెరగను. మా ఆయన ముక్కు మీద తెడ్డు తగిలిన గంటు ఏదీ? నువ్వు గీసిపెట్టు."

అతను బండ్ల నంబర్లు రాసే రిజిస్టరు వెనక పేజీ తిప్పి పెన్సిల్ పెట్టాడు. ఆవిడ చెబుతూంటే ముక్కు వచ్చింది, గంటు వచ్చింది. కళ్ల దగ్గరికి వచ్చేసరికి కారు హారన్ మోగింది. లేచి గేటు తీసి వచ్చాడు. కూర్చోగానే మరో కారు. మళ్లీ వచ్చి పెన్సిల్ పట్టుకున్నాడు కానీ, కాగితం మీద ఏమీ పడలేదు.

"నా సెయ్యి ఆడట్లేదమ్మా."

కన్నమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా కొడుకుని నాకు మళ్లీ సూపించిన సెయ్యి బాబూ ఇది. దీన్ని అక్కర్లేదనడానికి ఆళ్లకి నోరెలా వచ్చిందో!"

ఆదినారాయణ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బస్సు వేళయ్యేదాకా ఆవిడ అతని పక్కనే కూర్చుంది. మళ్లీ గీయమని అడగలేదు.

ఇంట్లో ఆ కోటు పటమే తగిలించారు. కన్నమ్మ రోజూ దానికి పువ్వు పెడుతుంది. ముఖం వైపు మాత్రం చూడదు.