తుమ్మొస్తేనే ఫ్యాను తిరిగినట్టు

నగ్మాకి మూత ఉన్న వస్తువు కనిపిస్తే చాలు, తీసి చూడకపోతే తోచదు. కుట్టుమిషను కొన్న వారంలోనే దాన్ని విప్పి, ముక్కలన్నీ చేటలో పేర్చి, మళ్ళీ బిగించిందట. వాళ్ళమ్మ నెత్తీనోరూ కొట్టుకుందట. "బాగున్నదాన్ని ఎందుకే విప్పావ్?" అంటే, "బాగున్నప్పుడు చూడకపోతే చెడిపోయినప్పుడు ఏం తెలుస్తది?" అందట.

అలాంటి మనిషి నా స్టూడియోకి రావడం నా ఖర్మో, అదృష్టమో ఆ వేసవి దాకా నాకే తెలియలేదు. చిలకలూరిపేటలో పెళ్ళి వీడియోలు తీసే కోటేషంటే నేనే. తీసిన క్యాసెట్లు మిక్సింగ్ కోసం గుంటూరు పంపేవాణ్ణి. వాళ్ళేమో పెళ్ళికూతురి తలమీద గులాబీలు కురిపించి, అసలు తాళి కట్టే ముక్క కోసేసేవాళ్ళు. ఒళ్ళు మండి రెండువేల మూడులో నేనే కంప్యూటర్ కొన్నాను. నగ్మా స్టూడియో తెర కుట్టడానికొచ్చింది. కుట్టడం అయిపోయింది, మనిషి మాత్రం కదల్లేదు. అది నొక్కితే ఏమవుతుంది, ఇది లాగితే ఏమవుతుంది అని నా ప్రాణం తీసింది. ఆరు నెలలు తిరిగేసరికి మిక్సింగ్ కుర్చీ ఆమెదే అయింది. తాళి కట్టే ముక్క ఏనాడూ కొయ్యలేదు.

ఇబ్బందల్లా మా గది ఉన్నచోటే. గోడ అవతల కారం మర. వేసవిలో ఊరూవాడా ఏడాది కారం పట్టించుకునేది అక్కడే, పెళ్ళిళ్ళ హడావుడీ అప్పుడే. ఆ దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి కంప్యూటర్ పెట్టెలో దూరేది. పెట్టె వెనక వేడిని బయటికి తోసే ఫ్యాను ఒకటుంది. అది జోరందుకుంటే వేడితోపాటు కారాన్నీ విసిరేది. ఎదురుగా బల్లమీద కూర్చున్నవాళ్ళు వరసపెట్టి తుమ్మేవాళ్ళు.

పెళ్ళి మాటలు మాట్లాడేచోట తుమ్ములేమిటి? జంటగా రెండొస్తే పర్వాలేదు గాని, ఒంటి తుమ్ము వచ్చిందంటే మావాళ్ళు లేచిన మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగిస్తారు. ఒకాయన ఒక్క తుమ్ముకి బయానా వెనక్కి తీసుకుని పోయాడు. ఆ రోజు నేను నగ్మామీద అరిచాను.

"ఏంచేస్తావో నాకు తెలవదు. నా బల్లమీద ఎవరూ తుమ్మగూడదు."

ఆమెకి అదొక ఆట. కంప్యూటర్‌తో వచ్చిన సీడీలో ఫ్యాన్‌ని నడిపే ప్రోగ్రాము ఒకటుందని కనిపెట్టింది. తెర మూలన చిన్న ఫ్యాను బొమ్మ, పక్కన వేడి ఎంతో చెప్పే అంకె, కింద రెండు మీటలు. ఒకటి నెమ్మది, ఒకటి జోరు. మనుషులొస్తే నెమ్మది, వెళ్ళాక జోరు. తుమ్ములు పోయాయి. నేను మీసం మెలేశాను.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది.

మిక్సింగ్ అంతా అయ్యాక, మొత్తాన్ని ఒక్క సినిమాగా చేసే పని కంప్యూటరే చేసుకుంటుంది. దానికి గంటలకి గంటలు పడుతుంది. మధ్యలో ఆగిందా, మళ్ళీ మొదటికే. ఆ ఎండల్లో అది సగం దాకా వచ్చి టప్పున ఆరిపోయేది. పెట్టెమీద చెయ్యి పెడితే అట్లపెనమే.

నగ్మా పెట్టె విప్పి పెయింటు బ్రష్షుతో దుమ్మంతా దులిపింది. అయినా ఆగిపోయింది. గుంటూరు మెకానిక్కి ఫోన్ చేస్తే ఆ ప్రోగ్రాములోనే కొత్తది వచ్చిందని సీడీ పంపాడు. అది వేశాక అంకె మైనస్ పన్నెండు చూపించింది. బయట రోడ్డుమీద తారు కరుగుతోంది.

"మన పెట్టెలో కాశ్మీరు దిగిందన్నయ్యా" అని నగ్మా ఒకటే నవ్వు.

నాకు నవ్వు రాలేదు. ప్రత్తిపాడు వెంకటరావమ్మగారి మనవరాలి పెళ్ళి సీడీ ఇవ్వాలి. పదహారు రోజుల పండక్కి వియ్యాలవారందరినీ కూర్చోబెట్టి టీవీలో చూపిస్తానని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. మిర్చి రైతుల్లో ఆవిడ మాటంటే మాటే. ఈ సీడీ తప్పితే ఆ చుట్టుపక్కల నాకు ఇంకో పెళ్ళి రాదు.

"ఇదిగో నగ్మా, చెప్తున్నా విను. పండక్కి సీడీ ఇస్తే ఇచ్చాం. లేదంటే ఈ దరిద్రాన్ని అమ్మేసి మళ్ళీ గుంటూరే పంపుతా."

ఆమె నవ్వు ఆగిపోయింది. కంప్యూటర్ పోతే ఆమెకి మళ్ళీ జాకెట్లూ, ఫాల్సులే. పక్కింటి నజీరా ఆ కుట్టుమిషను తనకిమ్మని ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. ఇస్తాను ఇస్తాను అంటూనే నగ్మా దాన్ని గుడ్డకప్పి అట్టే ఉంచింది. నా నోటి దురుసు తెలిసిన మనిషి మరి.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ పనిలో ఉంది. నేను బల్లమీద నడుం వాల్చాను. గోడ అవతల మర హోరు పెడుతోంది.

"అన్నయ్యా, పొద్దుట్నుంచి నువ్వు తుమ్మావా?" అంది నగ్మా.

"లేదు. ఏం, తుమ్మాలా?"

"జోరు మీట నేను ఎప్పుడో నొక్కాను. బొమ్మ చూడు, గిర్రున తిరుగుతుంది. మరి కారం ఏది?"

నేను లేచి కూర్చున్నాను. ఆమె అప్పటికే పెట్టె వెనక్కి వెళ్ళి, జాకెట్‌కి అంటుకున్న దారం ముక్క తీసి ఫ్యాను ముందు పట్టింది. దారం నిటారుగా వేలాడింది. తెరమీద బొమ్మ మాత్రం తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత కాసేపటికే కంప్యూటర్ ఆగిపోయింది.

మనుషులొచ్చారని నెమ్మది మీట నొక్కితే ఫ్యాను నెమ్మదించేది. జోరు నొక్కితే బొమ్మకే గాని ఫ్యానుకి ఆ కబురు చేరేది కాదు. ఇన్నాళ్ళూ మేం బొమ్మను చూసి మురిసిపోయాం. ఆ ప్రోగ్రాము రాసినవాణ్ణి నేను నోటికొచ్చినట్టు తిట్టాను. నగ్మా తిట్టలేదు. ఇంత అబద్ధం అది ఎలా ఆడుతోందో తెలుసుకోవాలని ఆమె తాపత్రయం.

చెప్పులేసుకుని బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కి వెళ్ళింది. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివింది. తిరిగొచ్చేటప్పటికి ముఖం వెలిగిపోతోంది.

"మనకొక్కళ్ళకే కాదన్నయ్యా. ఎక్కడెక్కడోళ్ళో ఇదే గోల పెడుతున్నారు. ఒకాయనకి మంచు పడే ఊళ్ళో నూట ఇరవై ఏడు చూపించిందంట."

"వాడి కాశ్మీరు మనకిచ్చి, మన ఎండ వాడికిచ్చింది. ఇంతకీ మందేమిటో చెప్పారా?"

ఫ్లాపీలో ఇంకో చిన్న ప్రోగ్రాము తెచ్చింది. ఎవరో ఊరికే ఇస్తున్నారట. దానికి బొమ్మల్లేవు, సోకుల్లేవు. వేడి డెబ్భై తొమ్మిది అని ఉన్నమాట చెప్పింది గాని, మా ఫ్యాన్‌ని మాత్రం గుర్తుపట్టలేదు. చెప్పడమే దాని పని, నడపడం దానికి చేతకాదు.

"అయితే ఎవరు నడుపుతారు?" అన్నాను.

"ఎవరూ వద్దు. పాతదాన్ని తీసేస్తే ఫ్యాను దానంతటదే తిరగాలిగా? చూద్దాం."

తీసేసింది. ఫ్యాను ఇంకా మూలుగుతూ నెమ్మదిగానే తిరిగింది. నాకు నీరసం వచ్చింది. ఆమె మాత్రం నెట్ సెంటర్‌లో రాసుకొచ్చిన చీటీ చూసుకుంటూ, కంప్యూటర్ వెయ్యగానే ఒక మీట నొక్కి, పెట్టె సొంత సెట్టింగులుండే నీలం తెర ఒకటి తెప్పించింది. అందులో ఫ్యాను వరసలో పాత ప్రోగ్రాము నెమ్మది అని వదిలిపోయినదాన్ని పూర్తి జోరుకి మార్చింది. పెట్టె ఒక్కసారి గుయ్యిమంది. వెనకనుంచి కారం గుప్పున కొట్టింది. ఇద్దరం కళ్ళనీళ్ళు కారేలా తుమ్ముకున్నాం. తుమ్ముల మధ్యనే ఆమె దారం పట్టుకుంది. దారం అడ్డంగా పడుకుని రెపరెపలాడింది.

పండగ రోజు పొద్దున సీడీ కోసం వెంకటరావమ్మగారే వచ్చారు. బయట ఆటో ఆగి ఉంది. కంప్యూటర్ పని ఇంకా కొంచెం మిగిలుంది.

"ఏరా కోటేషూ, అయిందా లేదా? వియ్యాలోళ్ళు దిగారు అక్కడ."

"అయిపోయిందండీ, ఐదు నిమిషాలు. కూర్చోండి."

ఆవిడ బల్లమీద కూర్చుని పెద్దగా ఒకటి తుమ్మారు. ఒక్కటే. ఆవిడ ముఖం మాడింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేవబోయారు. ఫ్యాను నెమ్మది చెయ్యమని నగ్మాకి సైగ చేద్దామంటే, ఆ మీటలు ఎప్పుడో తీసేశాం.

"పెద్దమ్మగారూ, కూర్చోండి. మీరు ఇంకోటి తుమ్మితేనే మనవరాలి పెళ్ళి పూర్తవుద్ది" అంది నగ్మా, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

"అదేం మాటమ్మా?"

"ఆ గాలి ఆగితే ఇది ఆగిపోద్దండి. మీకు తుమ్ము వస్తుందంటే పని జరుగుతున్నట్టు."

ఆవిడ నమ్మినట్టు కనపడలేదు. వింతగా పెట్టె వెనక్కి వంగి చూశారు. చూశాక తుమ్మకుండా ఉండటం ఎవరి తరం? రెండోది వచ్చింది. "జంట తుమ్ము. దోషం లేదు" అని ఆవిడే తీర్పు చెప్పి, మళ్ళీ కూర్చున్నారు. ఇక వరసపెట్టి తుమ్ముతూనే మనవరాలి పెళ్ళి పూర్తి చేయించారు. సీడీ పెట్టి చూస్తే తాళి కట్టే ముక్క చెక్కుచెదరకుండా ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. కారానికో, మనవరాలికో నేను అడగలేదు.

ఆటో వెళ్ళిపోయింది. నగ్మా కుర్చీలోంచి లేవలేదు.

"అన్నయ్యా, నజీరా మళ్ళీ అడిగింది. మిషను ఇచ్చెయ్యమంటావా?"

"ఇచ్చెయ్" అన్నాను. అంటూనే తుమ్మాను.

ఒక్కటే. రెండోదాని కోసం ముక్కు నలిపాను, నోరు తెరుచుకుని నిలబడ్డాను. రాలేదు. అంత మంచి మాటని ఒంటి తుమ్ముతో వదిలెయ్యడానికి నా మనసొప్పలేదు. బల్లమీద కూర్చుని, కూజాలోంచి మంచినీళ్ళు వంచుకు తాగి, కాసేపు ఆగి మళ్ళీ చెప్పాను.

"ఇచ్చెయ్, నగ్మా."

"నాకు మొదటిసారే వినపడిందన్నయ్యా" అంది.