డాలర్ మరిచిన రూప్లా సారు

రూప్లా సారుకు కోపం తెప్పించాలంటే తిట్టక్కర్లేదు. ప్రోగ్రాంలో ఒక విలువకు పెట్టుకునే పేరు, అదే వేరియబుల్, దాని ముందు డాలర్ గుర్తు పెట్టకపోతే చాలు. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో ఆయన కేక వేస్తే, పక్క గదిలో ప్రింటర్ కాగితం మింగి ఊరుకునేది.

ఆయన భార్య రంగి ఐదో తరగతితో చదువు ఆపేసింది. అయినా ఆయన నేర్పే ఎక్స్‌పాత్ అనే కంప్యూటర్ భాష అంతా ఆమెకు వినికిడి మీదే వచ్చేసింది. రోజూ కంచం ముందు అదే గోల.

"ఫైనలియర్ పోరడు రంగీ! డాలర్ పెట్టమంటే పెట్టిండు. పెట్టి, సుట్టూ కోట్స్ పెట్టిండు! కోట్స్‌ల పెడితే వట్టి అక్షరాలే గదా. కాగితం మీద మిర్యాలగూడ అని రావాల్సిన కాడ 'డాలర్ ఊరు' అని వచ్చింది. గా ఊరికి బస్సు ఎవడు నడుపుతడు?"

"పప్పు ఏసుకో."

"పప్పొద్దు. గుడ్డు పొరటెయ్యి."

"పొద్దుగాల్నే పప్పని పెట్టిన. వేరియబుల్ ఒక్కసారి పెట్టినంక మారదంటివి గదా?"

ఆయన పప్పు కలుపుకునేవాడు. తనకే అడ్డొచ్చినా రూల్ రూలే.

2009లో ప్రవళిక ఆ గదిలోనే ఆపరేటర్‌గా చేరింది. మోతె అనే ఊరి పిల్ల. విద్యార్థుల వివరాల్లోంచి ఏ ఊరి బస్సుకు ఆ ఊరి పిల్లల పేర్లే ఏరి అచ్చు వేసే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రాం రాయడం ఆమె మొదటి పని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు బస్సులు. సోమవారం మూడు కాగితాల్లోనూ కాలేజీ మొత్తం వచ్చింది, నాలుగువందల పన్నెండు పేర్లు. ఇద్దరు డ్రైవర్లు చూసి నవ్వి బయలుదేరారు. మిర్యాలగూడ డ్రైవర్ యాదయ్య మాత్రం నిష్ఠాపరుడు. ముప్పై ఎనిమిది మంది ఎక్కాక కూడా కదల్లేదు. "ఇంక మూడువందల డెబ్బై నాలుగు మంది రావాలె," అని స్టీరింగ్ మీద చేతులు కట్టుకున్నాడు. బస్సు కాలేజీ చేరేసరికి పదకొండు గంటలైంది. పొద్దున పెట్టిన పరీక్ష ఆ ముప్పై ఎనిమిది మందికీ పోయింది.

రంగి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేటప్పటికి ఆయన ప్రవళిక మీద గర్జిస్తున్నాడు.

"ఊరు ఈజీక్వల్టు ఊరు అని రాస్తవా! ఒక్కొక్క పిల్లగాని వివరాలల్ల ఊరు అని ఒకటుంటది. డాలర్ లేకుండ ఊరు అంటే మిషన్ దాన్నే సూస్తది. డాలర్ పెడితేనే మనం బయట పెట్టుకున్న మిర్యాలగూడను సూస్తది. నువ్వేం చేసినవ్? ఒక్కొక్కణ్ణి పిలిసి 'నీ ఊరు నీ ఊరేనా' అని అడిగినవ్. కాదని ఎవడంటడు?"

"నౌకరి పోతే మా నాయిన మల్ల గొర్లెంబడి పంపుతడు సార్," ప్రవళిక ఏడ్చింది.

"పంపాలె! ఆడ గూడ డాలర్ లేకుండ, ఊరందరి గొర్లను మీ దొడ్లెకే తోల్తవ్!"

అంతలో ప్రిన్సిపాల్ సత్యానందం నుంచి పిలుపు. రూప్లా సారు ఆ కాగితం లాక్కుని విసవిసా నడిచాడు. ఇగ పిల్ల పని ఖతం అనుకుని రంగి డబ్బాతో సహా వెనకే పరుగెత్తింది.

"ఎవరండీ ఇది రాసింది? ఈరోజే పనిలోంచి పంపించేస్తాను," అన్నాడు సత్యానందం.

రూప్లా సారు చెవులు ఎర్రబడ్డాయి. కాగితం కేసి చూశాడు.

"నేనే సార్. డాలర్ మర్సిన."

గుమ్మంలో రంగి చేతిలో డబ్బా జారబోయింది. పెళ్లాం పేరు మరిచానన్నా ఆమె అంత అదిరిపోయేది కాదు.

"మీరా! పాతవారు కాబట్టి వదిలేస్తున్నా. ఆ పిల్లలకు పరీక్ష మళ్లీ పెట్టిద్దాం. కానీ ఇకనుంచి మీరు ఏది రాసినా, ఆ కొత్తమ్మాయి చూసి సంతకం పెట్టాకే ప్రింటుకి వెళ్లాలి!"

ఆ సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుని మండిపోయాడు.

"నా కాగితం మీద గామె సంతకమట! బయటికొచ్చేటప్పుడు 'డాలర్ పెట్టిన్రా సార్' అని అడిగింది రంగీ! నన్ను!"

"పోయి నిజం చెప్పరాదు?"

"చెప్పిన మాట మారుస్తనా? ఒక్కసారి పెట్టినంక మారదు!"

రంగి నవ్వాపుకుంటూ వెళ్లి, అడగకుండానే రెండు గుడ్లు పగలగొట్టింది.

"పొద్దుగాల పప్పంటివి గదా?" అన్నాడాయన అనుమానంగా.

"పప్పు పప్పే, దాన్ని మార్చలే. ఇది వేరే వేరియబుల్."

ఆయన కంచం ముందుకు జరిపాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"డాలర్ పెట్టినవా?"

"ఉప్పు, కారం, డాలర్ అన్నీ పెట్టిన. తిను."