నొప్పి లేని రోజులు

విలేకరులు వాడే పొడవాటి నోట్‌ప్యాడ్ ఒకటి నా సొరుగులో ఉంది. అందులో వార్తలు లేవు. ఎడమవైపు తేదీ, నొప్పి ఎక్కడ, ఎంతసేపు. కుడివైపు ఆ ముందురోజు నేనేం తిన్నానన్నది. రెండేళ్ళకు పైగా రాశాను. బందరులో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేస్తాను. మండలాల నుంచి వచ్చే వార్తలు దిద్దడం, కుదించడం, పేజీలో సర్దడం నా పని. నా ఒంటికి కూడా అలాగే ఒక పేజీ కేటాయించుకున్నాను. అందులో చేసిన తప్పు మా వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పని తర్వాత తెలిసింది.

నొప్పి తొమ్మిదో తరగతిలో మొదలైంది. నెలసరి మొదటి మూడు రోజులూ బడి మానేసి, చాప మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేదాన్ని. అందరికీ ఉండేదే అన్నారు ఇంట్లో. అందరికీ ఇలాగే ఉంటే అందరూ ఎలా లేచి తిరుగుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. ఉద్యోగంలో చేరేసరికి అది ఆ మూడు రోజుల్నీ దాటి వచ్చేసింది. సాయంత్రం పేజీలు పెట్టే వేళ నడుములోంచి పొత్తికడుపులోకి ఏదో మెలితిప్పినట్లుండేది. డెస్కులో మిగిలిన వాళ్ళంతా మగవాళ్ళు. గ్యాస్ అని చెప్పేదాన్ని. చూపించుకున్న ఇద్దరు డాక్టర్లూ గ్యాసే అన్నారు. స్కానింగ్‌లో ఏమీ కనపడలేదన్నారు.

ముప్పై ఆరో ఏట విజయవాడలో ఒక డాక్టరు పొట్ట మీద మూడు చిన్న గాట్లు పెట్టి, లోపలికి కెమెరా పంపి చూసి పేరు చెప్పారు. ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపల నెలనెలా పెరిగి రాలిపోయే పొర ఉంటుంది. అలాంటిదే ఇంకెక్కడో, అండాశయాల మీదో పేగుల మీదో పెరగడం ఈ జబ్బు. లోపలి పొర రాలితే బయటికి పోతుంది. ఈ పెరిగినదానికి పోయే దారి లేదు. ఉన్నచోటే వాచి, మండి, పక్కపక్కనున్న అవయవాల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది కాదు, అలాగని పూర్తిగా పోతుందన్న హామీ కూడా లేదు. కనపడినంత మేర తీసేశాను, మళ్ళీ రావచ్చు, ఈ మాత్రలు వాడండి అన్నారావిడ. ఇరవయ్యేళ్ళ నొప్పికి ఒక పేరు దొరికినందుకు ఆస్పత్రి మంచం మీద సంతోషపడ్డాను. ఆ సంతోషం చెప్పుకోడానికి పక్కన అక్క ఒక్కతే ఉంది.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. చల్లపల్లిలో టీచరు, కాపురం అవనిగడ్డలో. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక నాకున్నది అక్క, బావ, బందరులో మేడమీద ఒక గది. డెస్కులో పాతదాన్నయ్యాక ఆదివారం సెలవు దొరికింది. ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కేదాన్ని. అక్క గోంగూరలో ఎండు రొయ్యలు వేసి వండేది. ముద్దపప్పు, గడ్డపెరుగు తప్పకుండా ఉండేవి. ముగ్గురం కింద కూర్చుని తినేవాళ్ళం. వారం మొత్తంలో నేను మనుషుల పక్కన కూర్చుని తినే భోజనం అదొక్కటే. మిగిలిన పూటలు కంప్యూటరు ముందో, గదిలో ఫోను ముందో గడిచిపోయేవి.

మాత్రలు నాలుగు నెలలు వాడాను. నొప్పి తగ్గింది. కానీ మనసు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్లుండేది. డాక్టరును అడక్కుండా మానేశాను. నొప్పి తిరిగి వచ్చింది. అప్పుడు నా అనుమానం తిండి మీద పడింది. ఫోనులో ఈ జబ్బుకు పథ్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరు పాలు మానమన్నారు, ఒకరు గోధుమ, ఇంకొకరు చింతపండు. వాళ్ళలో ఏ ఇద్దరూ ఏకీభవించలేదు గాని, అందరూ ఏదో ఒకటి మానమనే చెప్పారు. ఎవరి మాటా నమ్మకూడదని, నా ఒంటి సంగతి నేనే తేల్చుకోవాలని నోట్‌ప్యాడ్ తెరిచాను.

నొప్పి వచ్చిన రోజున కూర్చుని, ముందురోజు తిన్నవన్నీ రాసేదాన్ని. ఏది నాలుగైదుసార్లు కనపడితే దాన్ని మానేశాను. మొదట పెరుగు పోయింది. తర్వాత గోధుమరవ్వ, మినప్పప్పు, చేపలు, చింతపండు, వంకాయ. నొప్పి మాత్రం వస్తూనే ఉంది. కనక ఇంకా ఏదో మిగిలిందనుకున్నాను. రెండో ఏడు వచ్చేసరికి నా భోజనం అన్నం, ఉడికించిన సొరకాయ, ఉప్పు తగ్గించిన పెసరకట్టు. మానినవన్నీ ఆఫీసు కంప్యూటర్లో కంపోజ్ చేసి, పైన ‘తినకూడనివి’ అని హెడ్డింగ్ పెట్టి, ప్రింటు తీసి అక్కకిచ్చాను. అక్క దాన్ని వంటింటి అలమర తలుపుకి అన్నం మెతుకులతో అంటించింది.

బావ మాత్రం సరదాగానే తీసుకున్నారు. “మరదలుగారికి గాలి రెండు గరిటెలు వడ్డించవే, నూనె లేకుండా” అనేవారు. నేను నవ్వేదాన్ని. అక్క నవ్వేది కాదు. పొయ్యి మీద నాకోసం వేరే గిన్నె పెట్టేది. అందులో ఏం వెయ్యాలో తెలియక అలమర దగ్గరికి వెళ్ళి చదువుకుని వచ్చేది. ఆవిడకి శ్రమ ఎందుకని నేనే డబ్బాలో తెచ్చుకోవడం మొదలుపెట్టాను. వాళ్ళు వంటింట్లో తింటుంటే నేను ముందుగదిలో డబ్బా మూత తీసుకునేదాన్ని. ఆ వాసన తగిలితే తినాలనిపిస్తుందని అలా చేశాను. అక్కకి అది ఎలా కనపడి ఉంటుందో ఆలోచించలేదు.

ఒక ఆదివారం నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా సంచిలోంచి నోట్‌ప్యాడ్ జారి కింద పడింది. తిరిగి వచ్చేసరికి అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పిల్లల పరీక్ష కాగితాలు దిద్దేటప్పుడు ఎలా కూర్చుంటుందో అలాగే.

“పదకొండుసార్లుంది ఇందులో, అక్క ఇల్లు అని” అంది.

ముందురోజు ఎక్కడ తిన్నానో గుర్తుండడానికి రాసుకున్నానని చెప్పాను.

“అది సరేలే. నా చేతి అన్నం తిని బావున్నానని ఒక్కసారైనా రాశావుటే?”

ఆవిడ నోట్‌ప్యాడ్ నా సంచిలో పెట్టేసి, పిల్లల కాగితాలు ఉన్నాయని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి ఆదివారం ఆఫీసులో పని ఉందని ఫోను చేశాను. ఆ పై ఆదివారం ఆవిడే, బావగారికి ఒంట్లో బాగోలేదని చేసింది. తర్వాత ఇద్దరం చేయడం మానేశాం. తగాదా అంటూ జరగలేదు కనక రాజీకి కూడా దారి లేదు. ఆదివారాలు గదిలోనే ఉన్నాను. సొరకాయ ఉడికిన ఆవిరి కిటికీ అద్దానికి పట్టేది. ఒక రోజంతా నోరు విప్పి ఎవరితోనూ మాట్లాడలేదని సాయంత్రం పాలవాడికి వద్దని చెప్పినప్పుడు, నా గొంతు బొంగురుగా వచ్చినప్పుడు తెలిసింది.

అలా ఆరు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కృత్తివెన్ను నుంచి చిన్న వార్త వచ్చింది. ముప్పై రెండేళ్ళ గృహిణి, చెరువుల మీద రొయ్యలు ఏరే పనికి వెళ్ళే మనిషి, కడుపునొప్పి తాళలేక ప్రాణం తీసుకుంది. జిల్లా పేజీల్లో ఇలాంటివి నెలకొకటైనా వస్తాయి. ‘కడుపునొప్పి తాళలేక’ అన్న రెండు మాటల్ని మేమెవ్వరం నమ్మం. ఇంట్లో గొడవకి అది ముసుగని అనుకుంటాం. నాలుగు లైన్లకి కుదించి ఖాళీ ఉన్నచోట పడేస్తాం. నేనూ అలా ఎన్ని పడేశానో లెక్కలేదు. ఆ రోజు నా పొత్తికడుపు పట్టేసి ఉంది, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. అక్కడి విలేకరికి ఫోను చేసి, ఏ నొప్పి, ఎన్నాళ్ళనుంచి, ఎక్కడైనా చూపించుకుందా అని అడిగాను. “కడుపునొప్పేనండీ మేడమ్. పోలీసులు కూడా అంతే రాశారు” అన్నాడతను, తనేదో తప్పు చేశాడేమోనన్న గొంతుతో. అడగాల్సిన మనిషి ఇక లేదు. నాలుగు లైన్లే వెళ్ళాయి.

మర్నాడు పొద్దున్న ఏడింటికి అక్క ఫోను చేసింది. పేపరు చూశానని అంది. ఏ వార్తో చెప్పలేదు.

“నువ్వు తిన్నావా?” అంది.

“పొద్దున్నేగా అక్కా, ఇంకా లేదు.”

“ఏమన్నా తినవే” అంది. “మా స్కూల్లో ఒక టీచరు గుడివాడలో ఎవరికో చూపించుకుంటోంది. నీలాంటిదేనట. ఎడ్రసు పంపుతాను, వెళ్ళి రా. ఆ పుస్తకం కూడా పట్టుకెళ్ళు.”

పెడన మీదుగా వెళ్ళే బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. డాక్టరు అరవైకి దగ్గరున్న మనిషి. నా పాత రిపోర్టులు చూసి, నోట్‌ప్యాడ్ అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పారు. బయట జనం ఉన్నా ఆవిడ తొందరపడలేదు.

“మంచిరోజులు ఏవండీ ఇందులో?” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“నొప్పి లేని రోజులు. నెలలో సగమన్నా ఉంటాయిగా. ఆ రోజుల్లో మీరేం తిన్నారు?”

“అవి రాయలేదండీ.”

“ఏం?”

“రాయడానికి ఏముందనుకున్నాను.”

ఆ మాట అన్నాక నాకే వినపడింది. ఏమీ జరగని రోజున మేం ఏమీ రాయం. మనిషి ముప్పై రెండేళ్ళు బతికితే ఒక్క రోజుకి నాలుగు లైన్లు ఇస్తాం. అదే అలవాటు నా ఒంటి మీదా పెట్టాను. నొప్పి వచ్చిన రోజుకు ముందు పెరుగు తిన్నమాట నిజమే. నొప్పి లేని రోజులకు ముందు కూడా తిన్నాను. ఆ పేజీలు లేవు కనక పెరుగు నేరస్థురాలైంది, చేపలయ్యాయి, అక్క ఇల్లయింది. ఈ ప్రశ్నే అక్క ఆరునెలల కిందట అడిగింది. టీచరు కనక ఖాళీ వదిలిన జవాబు ఆవిడకి ముందే కనపడింది. నేను దాన్ని అలక అనుకున్నాను.

డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం బాగా తగ్గిందన్నారు. ఇంకో రకం మాత్ర రాసి, మనసుకు ఇబ్బందిగా ఉంటే మానెయ్యకుండా తనకి ఫోను చేయమన్నారు. తిండి వల్ల ఉబ్బరం తగ్గుతుంది, కొందరికి నొప్పి కూడా తగ్గుతుంది, లోపల పెరిగినదాన్ని మాత్రం ఏ కూరా కరిగించదు అన్నారు. చేపలు ఎవరు మానమన్నారని ఆశ్చర్యపోయారు. చేపలు, ఆకుకూరలు, పొట్టుపెసలు, పళ్ళు తినమని, వేపుళ్ళు, బేకరీ సరుకు తగ్గించమని చెప్పారు. మానినవాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవాలి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు మూడు వారాలు ఆగాలి. రోజూ రాయాలి, ఏమీ లేకపోయినా రాయాలి.

అది అనుకున్నంత తేలిక కాదు. ‘నొప్పి లేదు’ అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఏదో అచ్చుకి పనికిరానిది రాస్తున్నట్లుండేది. మొదట పెరుగు తెచ్చుకున్నాను, ఏమీ కాలేదు. తర్వాత చేప ముక్క, ఏమీ కాలేదు. నిజంగా పడనివి రెండే తేలాయి. పథ్యానికి ముందు ఆఫీసు దగ్గర సాయంత్రం తినే మైదా పరోటా, రోజుకు ఆరేడుసార్లు తాగే పాలటీ. రెండేళ్ళ పుస్తకంలో ఆ టీ ఎక్కడా లేదు. దాన్ని తిండిగా నేను లెక్కేసుకోలేదు. నొప్పి పోలేదు, కానీ కుర్చీలో నిటారుగా కూర్చునే రోజులు పెరిగాయి.

ఐదో నెలలో ఒక ఆదివారం డబ్బా లేకుండా అవనిగడ్డ బస్సెక్కాను. ముందు ఫోను చేయలేదు. చేస్తే ఆవిడ అలమర తలుపు దగ్గరికి వెళ్తుందని తెలుసు. బావ తలుపు తీసి, “మరదలుగారు! ఇవాళ గాలి అయిపోయింది మరి” అన్నారు. అక్క వంటింట్లోంచి తొంగి చూసి, నా చేతులవంక చూసింది, డబ్బా కోసం. కాగితం ఇంకా అలమరకి అంటుకునే ఉంది, అంచులు నూనె పట్టి పసుపుపచ్చగా. డాక్టరు ఏమడిగారో చెప్పాను. నువ్వడిగిందే అక్కా అన్నాను. ఆవిడ వింటూ చిక్కుళ్ళు తుంచుతూనే ఉంది. చివరికి, “కూర్చో, అన్నం పెడతాను” అంది.

గోంగూర తిన్నాను, పప్పు తిన్నాను. పెరుగన్నం తినేటప్పుడు అక్క తన కంచం మానేసి నన్నే చూస్తోంది. వాళ్ళిద్దరే తినడానికి అలవాటు పడినట్లున్నారు. మాట్లాడుకోడానికి మాకు ఎక్కువ దొరకలేదు. కాని అక్కడే కూర్చున్నాను.

బుధవారం నొప్పి వచ్చింది. మాత్ర మొదలెట్టాక కూడా అప్పుడప్పుడు రావచ్చని డాక్టరు ముందే చెప్పారు. అక్క ఫోను చేసి అడిగితే దాచలేదు.

“పెరుగేనా?” అంది వెంటనే.

కాదన్నాను. నాలుగు నెలలుగా రోజూ తింటున్నాను, రాసి ఉందన్నాను. ఆవిడ సరేనంది. నమ్మిందని చెప్పలేను. ఆ పేజీలో ఆదివారం తిన్నవన్నీ వరసగా రాసి, సోమ, మంగళవారాల ఎదుట నొప్పి లేదని, బుధవారం ఎదుట ఉందని, గురువారం ఎదుట మళ్ళీ లేదని రాశాను.

తర్వాతి ఆదివారం కూడా వెళ్ళాను. కాగితం అలమర మీద లేదు, మెతుకుల మరకలు మాత్రం ఉన్నాయి. అక్క అన్నీ వడ్డించింది గాని పెరుగుగిన్నె మాత్రం తన వెనకాల, గోడ పక్కన పెట్టుకుంది. అడగాలా వద్దా అనుకుంటూ ఉండగానే అన్నం చివరికి వచ్చింది. నేను ముందుకు వంగి, అక్క భుజం పక్కనుంచి చెయ్యి చాపి, గిన్నెని నావైపు లాక్కున్నాను. ఆవిడ కొంచెం పక్కకి జరిగింది.